బెల్టు ఎవరిది? కుస్తీ టైటిళ్ళ చుట్టూ అపోహలు – వాస్తవాలు

మూడు వైపులా ఆంధ్ర పల్లెలే ఉన్న పావగడ తాలూకాలో ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. మడకశిర బస్సు కోసం నిలబడ్డ పిల్లలైనా, తిరుమణి దగ్గర సోలార్ పార్కులో షిఫ్టు దిగి టీ తాగుతున్న కుర్రాళ్ళైనా, డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీ మాట ఎత్తితే వాదన మాత్రం ఒకటే. ముసలోళ్ళు బెల్టు వదలరు, కుర్రోళ్ళకు ఛాన్సు రాదు. టెన్ స్పోర్ట్స్ రోజుల్లోనూ ఇదే మాట, నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చిన తర్వాతా ఇదే మాట.

ఇందులో నిజం లేకపోలేదు. కానీ దాని చుట్టూ అల్లుకున్న అపోహలు ఆ నిజాన్ని కనబడనీయడం లేదు. పెద్ద రెజ్లర్ గెలిచాడని కోపం తెచ్చుకునేవాళ్ళు, చివరికి అతను ఎవరి చేతిలో ఓడాడో చూడడం మరిచిపోతున్నారు. అసలు కథంతా అక్కడే ఉంటుంది.

అపోహ: ర్యాంకు ఒకటి ఉన్నవాడే అసలు మొనగాడు

ఈ నమ్మకం పుట్టింది బడి ముందర అంగట్లో. ట్రంప్ కార్డుల కట్ట కొనుక్కుని, బొమ్మ కింద రాసిన ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండల కొలత, గెలిచిన ఫైట్లు పోటీ పెట్టి ఆడినవాళ్ళు మన దగ్గర రెండు తరాలు ఉన్నారు. కార్డు మీద ఒకటో ర్యాంకు వచ్చినవాడు మన మనసులో జీవితాంతం ఒకటో ర్యాంకులోనే ఉండిపోయాడు. అతన్ని ఎవరైనా కొత్తవాడు ఓడిస్తే మోసం జరిగినట్టు బాధపడ్డాం.

ఆ అంకెలు కార్డులు అచ్చువేసినవాళ్ళు పెట్టినవి. రెజ్లర్లందరినీ వరుసలో నిలబెట్టే ర్యాంకుల పట్టిక డబ్ల్యూడబ్ల్యూఈకి లేదు. ఎవరికి టైటిల్ మ్యాచ్ ఇవ్వాలో కథ రాసేవాళ్ళు, కంపెనీ నడిపేవాళ్ళు తేలుస్తారు.

ఇదే వయసులో విన్న ఇంకో కథ, అండర్‌టేకర్ చచ్చి బతికాడని. అతను మార్క్ కాలవే అనే టెక్సస్ మనిషి. 1996లో వచ్చిన అక్షయ్ కుమార్ సినిమా ‘ఖిలాడియోం కా ఖిలాడీ’లో అండర్‌టేకర్‌గా అక్షయ్‌తో తలపడింది కూడా అతను కాదు, బ్రయన్ లీ అనే రెజ్లర్. 1994 సమ్మర్‌స్లామ్‌లో నకిలీ అండర్‌టేకర్ వేషం వేసి అసలువాడి చేతిలో ఓడింది ఆ బ్రయన్ లీయే.

అపోహ: అంతా నాటకమే కదా, ఎవరు గెలిస్తే ఏమి?

ఫలితం ముందే నిర్ణయమవుతుందన్న మాట నిజం. కంపెనీయే 1989లో న్యూజెర్సీ రాష్ట్ర ప్రభుత్వం ముందు ఇది వినోద ప్రదర్శనేనని ఒప్పుకుంది. క్రీడల మీద ఉండే నిబంధనలు, పన్ను తప్పించుకోవడానికి ఆ మాట చెప్పింది. మైసూరు దసరా కుస్తీ వేరు. అక్కడ మట్టిలో దిగిన ఇద్దరిలో ఎవరి వీపు నేలకు ఆనుతుందో ముందుగా ఎవరికీ తెలియదు.

అయితే ‘ముందే నిర్ణయం’ అన్నది ‘విలువ లేనిది’ అని కాదు. మన ఊళ్ళలో రాత్రంతా కురుక్షేత్రం నాటకం ఆడతారు. తొడ విరిగి పడిపోయేది దుర్యోధనుడేనని చంటిపిల్లకు కూడా తెలుసు. అయినా ఈ ఏడాది కృష్ణుడి వేషం ఎవరికిచ్చారు, ఇరవై ఏళ్ళుగా కట్టిన పెద్దాయన ఆ కిరీటం ఏ కుర్రవాడి తలకు పెట్టాడు అన్నదాని మీద ఊరంతా మాట్లాడుకుంటుంది. కుస్తీలో బెల్టూ అంతే. ‘ఇకమీదట జనం ఈ మనిషిని చూడడానికి టికెట్టు కొంటారు’ అని కంపెనీ పెట్టిన నమ్మకం అది. గెలుపు కల్పితమే, నమ్మకం మాత్రం నిజం. డబ్బు, పోస్టరు మీద చోటు, రాత్రి ఆఖరి మ్యాచ్ దాని వెంట వస్తాయి.

దెబ్బలూ నిజమే. 2015 జూలై 27న ‘రా’ అనే వారపు షోలో సెత్ రాలిన్స్ మోకాలు తగిలి జాన్ సీనా ముక్కు పక్కకు ఒరిగిపోయింది. రక్తం కారుతుండగానే సీనా మ్యాచ్ ముగించాడు. ఎడ్జ్ మెడ ఎముకల జబ్బుతో 2011లో ఆట వదిలేసి, మళ్ళీ రింగులోకి రావడానికి 2020 వరకు ఆగాల్సి వచ్చింది.

అపోహ: పెద్దవాళ్ళు పలుకుబడితో బెల్టు లాక్కుంటారు

ఎక్కువ గొడవ ఇక్కడే. కాబట్టి నిదానంగా చూద్దాం.

2013 జనవరి 27న రాయల్ రంబుల్‌లో సీఎం పంక్ దగ్గర 434 రోజులుగా ఉన్న టైటిల్‌ను ది రాక్ గెలిచాడు. అప్పటికే రాక్ హాలీవుడ్ మనిషి. ఏడాదికి కొన్ని రాత్రులు మాత్రమే రింగులోకి వచ్చేవాడు. ఏప్రిల్ 7న, ఏడాదిలో అతిపెద్ద షో అయిన రెజిల్‌మేనియాలో, ఆ బెల్టు సీనాకు పోయింది. పంక్ మోసిన బెల్టు ఒక పెద్ద పేరు నుంచి ఇంకో పెద్ద పేరుకు చేరింది, కొత్తవాడికి దమ్మిడీ మిగల్లేదు. పంక్ 2014 జనవరిలో కంపెనీ వదిలి వెళ్ళిపోయాడు. రెజిల్‌మేనియా ఆఖరి మ్యాచ్ తనకు దక్కలేదన్న బాధ ఆ తర్వాత బహిరంగంగానే చెప్పుకున్నాడు. అతని కోపం న్యాయమైనదే.

కానీ దీన్ని రాక్ అత్యాశగా చూస్తే సగమే అర్థమవుతుంది. రెజిల్‌మేనియా పోస్టరు మీద సినిమా తార పేరు ఉంటే, కుస్తీ చూడని ఇంట్లో కూడా టీవీ ఆ ఛానెల్‌కు తిరుగుతుంది. ఆ లెక్క వేసేది కంపెనీ. 2020 ఫిబ్రవరి 27న రియాద్‌లో 53 ఏళ్ళ గోల్డ్‌బర్గ్ మూడు నిమిషాల్లో ‘ఫీండ్’ బ్రే వయట్‌ను ఓడించినప్పుడూ ఇదే లెక్క. రెజిల్‌మేనియాలో గోల్డ్‌బర్గ్, రోమన్ రెయిన్స్ మ్యాచ్ ప్రకటించారు. కోవిడ్ వచ్చింది, రోమన్ తప్పుకున్నాడు, ప్రేక్షకులే లేని హాల్లో బ్రాన్ స్ట్రోమన్ ఆ బెల్టు గెలిచాడు. లెక్క తారుమారైంది, నష్టం మాత్రం వయట్‌కు మిగిలింది. ఎన్ని దెబ్బలు తగిలినా లేచే భయంకరమైన మనిషిగా ఆ పాత్రను నెలల తరబడి కట్టుకొచ్చి, మూడు నిమిషాల్లో కూల్చేశారు. ఇది తప్పు నిర్ణయమే. అందులో నాకు సందేహం లేదు.

పెద్దవాళ్ళు నిజంగానే చక్రం తిప్పిన చోటు ఒకటుంది, అప్పట్లో పోటీ కంపెనీగా నడిచిన డబ్ల్యూసీడబ్ల్యూ. 1998 జూలైలో అట్లాంటాలో నిండిన స్టేడియంలో హల్క్ హోగన్‌ను ఓడించి గోల్డ్‌బర్గ్ అనే కొత్త కెరటం లేచింది. (అవును, ఆ గోల్డ్‌బర్గే. అప్పట్లో అతనే కుర్రవాడు.) ఆరు నెలలు తిరక్కుండానే ఆ టైటిల్ కెవిన్ నాష్‌కు పోయింది. 1999 జనవరి 4న అదే స్టేడియంలో హోగన్ వేలితో ఛాతీ మీద పొడిస్తే నాష్ వెల్లకిలా పడిపోయి బెల్టు అప్పగించాడు. అదే రాత్రి పక్క ఛానెల్‌లో, నేటి డబ్ల్యూడబ్ల్యూఈ షోలో, మిక్ ఫోలీ తొలిసారి ప్రపంచ టైటిల్ గెలిచాడు. డబ్ల్యూసీడబ్ల్యూలో ఎదుగుదల లేక విసిగిన క్రిస్ జెరికో ఆ ఏడాదే ఇటు వచ్చేశాడు. 2000 జనవరిలో ఎడ్డీ గెరేరో, మరి ముగ్గురు కలిసి వచ్చారు. 2001 డిసెంబరులో జెరికో ఒకే రాత్రి రాక్‌ను, స్టోన్ కోల్డ్ ఆస్టిన్‌ను ఓడించి రెండు టైటిళ్ళూ కలిపి పట్టుకున్నాడు. అప్పటికి డబ్ల్యూసీడబ్ల్యూ లేదు, ఆ మార్చిలోనే అమ్ముడుపోయింది. ముసలివాళ్ళ వల్లే మునిగిందని అంటారు గానీ, యజమాని సంస్థ మారి, కొత్తగా వచ్చినవాళ్ళు కుస్తీని తమ ఛానెళ్ళలో వద్దనుకోవడం ఆఖరి దెబ్బ.

దీనికి ఎదురుగా 2015 నాటి సీనాను పెట్టి చూడండి. యునైటెడ్ స్టేట్స్ బెల్టు పట్టుకుని ప్రతి వారం ‘ఎవరైనా రండి’ అని రింగులో నిలబడ్డాడు. సామీ జేన్ ‘రా’ షోలో తొలిసారి కనబడింది అట్లాంటి ఒక రాత్రే. ఆ మే 31న కెవిన్ ఓవెన్స్ తన తొలి పెద్ద మ్యాచ్‌లో సీనాను సూటిగా, ఏ మోసమూ లేకుండా పడగొట్టాడు. మరుసటి ఏడాది సమ్మర్‌స్లామ్‌లో ఏజే స్టైల్స్ వంతు. సీనా కుర్రవాళ్ళను తొక్కేశాడనేవాళ్ళు ఈ రెండేళ్ళు మళ్ళీ చూడాలి.

అపోహ: ఒక్కసారి ఓడితే కుర్రవాడి పని అయిపోయినట్టే

డబ్ల్యూడబ్ల్యూఈ టీవీ షోలో సీనా మొదటి మ్యాచే ఓటమి. 2002 జూన్‌లో కర్ట్ యాంగిల్ అతన్ని ఓడించాడు. కానీ యాంగిల్ అతనికి మ్యాచ్‌లో సగం ఇచ్చాడు. ఎగిరి కొట్టనిచ్చాడు, దాదాపు ఓడేంత దూరం వెళ్ళి గట్టెక్కాడు. తెర వెనకకు వచ్చాక అండర్‌టేకర్ కొత్తవాడితో చేయి కలిపాడు. ఆ రాత్రి చూసినవాళ్ళకు ఓడినవాడి పేరే గుర్తుంది.

కోడీ రోడ్స్ 2023 రెజిల్‌మేనియాలో రోమన్ చేతిలో ఓడినప్పుడు అభిమానులు గుండెలు బాదుకున్నారు. ఏడాది తర్వాత, 2024 ఏప్రిల్ 7న, 1,316 రోజుల రోమన్ ఏలుబడికి కోడీయే తెరదించాడు. ముందు ఆ ఓటమి లేకపోతే ఈ గెలుపుకు అంత బరువు వచ్చేది కాదు.

ఇక కోఫీ కింగ్‌స్టన్ సంగతి. పదకొండేళ్ళు కాచుకుని 2019 ఏప్రిల్‌లో టైటిల్ గెలిచాడు. అక్టోబరు 4న బ్రాక్ లెస్నర్ అతన్ని భుజాన ఎత్తి ఒక్కసారి విసిరాడు, పది సెకన్లు కూడా పట్టలేదు. ఓటమి కంటే ఆ తీరు ఎక్కువ బాధించింది. ఓడినా నిలదొక్కుకునేంత సమయం యాంగిల్ సీనాకు ఇచ్చాడు. కోఫీకి ఆ పాటి కూడా దక్కలేదు.

అపోహ: కొత్తవాడంటే వయసులో చిన్నవాడు

దీన్ని అంకెలే తేలుస్తాయి. లెస్నర్ 25 ఏళ్ళకు, ర్యాండీ ఆర్టన్ 24 ఏళ్ళకు ప్రపంచ టైటిళ్ళు గెలిచారు. ఏజే స్టైల్స్ డబ్ల్యూడబ్ల్యూఈలో అడుగుపెట్టిందే 38 ఏళ్ళకు. 2025 ఆగస్టులో సీనా నుంచి బెల్టు తిరిగి గెలిచేనాటికి కోడీకి 40 ఏళ్ళు. అప్పటి కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్ 1999లో 54 ఏళ్ళకు చాంపియన్ అయ్యాడు. పాత కాలం ఇందుకు భిన్నమేమీ కాదు. 1968లో బొంబాయిలో దారాసింగ్ ఓడించిన పేరుమోసిన రెజ్లర్ లూ థెజ్‌కు అప్పటికి 52 ఏళ్ళు.

అపోహ: మనవాళ్ళకు బెల్టు ఎప్పుడూ రాలేదు, పెద్ద తారలు వచ్చి మనల్ని చిన్నబుచ్చి పోతారు

మొదటి సగం తప్పు. హిమాచల్‌ప్రదేశ్‌కు చెందిన దలీప్ సింగ్ రాణా, అంటే ది గ్రేట్ ఖలీ, 2007 జూలైలో వరల్డ్ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. గాయంతో ఎడ్జ్ వదిలేసిన బెల్టు అది. కెనడాలో పుట్టిన పంజాబీ జిందర్ మహల్ 2017 మే 21న ఆర్టన్‌ను ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ చాంపియన్ అయ్యాడు. 2014లో కంపెనీ వదిలేసిన మనిషిని మూడేళ్ళకు ఆ మెట్టు ఎక్కించడం వెనక మన దేశపు మార్కెట్ లెక్క ఉందని అందరూ అన్నారు. ఉంటే ఉండవచ్చు. 170 రోజులు నిలిచాడు, నవంబరు 7న మాంచెస్టర్‌లో స్టైల్స్‌కు పోగొట్టుకున్నాడు.

రెండో సగానికి మాత్రం ఆధారం ఉంది. ఆ డిసెంబరు 9న ఢిల్లీలో జిందర్‌కు ఎదురుగా ట్రిపుల్ హెచ్ దిగాడు. వయసు 48, రింగులోకి రావడం అరుదు. గెలిచింది అతనే. తర్వాత ఇద్దరూ కలిసి భాంగ్రా వేశారు, జనం ఆనందించారు. అయినా ఆ రాత్రి జిందర్ గెలవాల్సింది. ట్రిపుల్ హెచ్‌కు ఆ గెలుపుతో కలిసొచ్చేది ఏమీ లేదు. సొంత జనం ముందు అంత పెద్ద పేరు మీద గెలిచి ఉంటే జిందర్‌ను అప్పుడే చేజారిన బెల్టు వైపు మళ్ళీ నడిపించగలిగేవాళ్ళు.

హైదరాబాదు సంగతి వేరు. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో 46 ఏళ్ళ సీనా, సెత్ రాలిన్స్ జతకట్టి లుడ్విగ్ కైజర్, జియోవానీ విన్చీలను ఓడించారు. జనం కోరుకున్నదీ అదే. అభిమాన తార గెలుపు చూసి ఇంటికి పోవడానికి టికెట్టు కొన్నవాళ్ళకు ఆ రాత్రి అది న్యాయం. ఓడిన ఇద్దరూ ‘ఇంపీరియం’ అనే జట్టు. ఆ జట్టు నాయకుడు గుంథర్ కూడా ఆ షోలో ఇంటర్‌కాంటినెంటల్ బెల్టుతో ఉన్నాడు. హాంకీ టాంక్ మ్యాన్ పేరిట ముప్పై అయిదేళ్ళు నిలిచిన 454 రోజుల రికార్డును అతను దాటింది సరిగ్గా ఆ రోజుల్లోనే. చివరికి దాన్ని 666 రోజుల దాకా తీసుకుపోయాడు. మన స్టేడియంలో కేకలన్నీ సీనాకే.

ఏడాదిన్నర దాటాక, 2025 ఏప్రిల్ 20న సీనా కోడీని ఓడించి పదిహేడో ప్రపంచ టైటిల్ గెలిచినప్పుడు ‘మళ్ళీ ముసలోడేనా’ అన్నారు. ఆగస్టు 3న అదే కోడీకి దాన్ని తిరిగి పోగొట్టుకున్నాడు. డిసెంబరు 13న వాషింగ్టన్‌లో అతని ఆఖరి మ్యాచ్. అదే రాత్రి కోడీకి ఎదురుగా ఓబా ఫెమీ, బేలీకి ఎదురుగా సోల్ రూకా, ఇలా కొత్తవాళ్ళను తయారుచేసే ఎన్‌ఎక్స్‌టీ షోలోని కుర్రతరాన్ని పెద్ద పేర్ల ముందు నిలబెట్టారు. ఆఖరి మ్యాచ్‌లో సీనాకు ఎదురుగా ఉన్నది గుంథర్. మెడ చుట్టూ పట్టు బిగించి వదల్లేదు. ఓటమి ఒప్పుకోనని ఏళ్ళ తరబడి టీషర్టుల మీద రాసుకుని తిరిగిన సీనా, చేత్తో తట్టి ఒప్పుకున్నాడు. హాల్లో జనం కోపంతో అరిచారు. టైటిల్ పందెంలో లేని ఆ మ్యాచ్ నుంచి గుంథర్ పట్టుకుపోయినంత విలువ చాలా బెల్టులకు ఉండదు.