ఏటికొప్పాక బొమ్మకు ఏ కెమెరా కావాలి?

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరున్నది. అక్కడి పనివారు అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ, తిరుగుతున్న కర్రకు రంగు లక్కను ఒత్తిపడతారు. రాపిడివల్ల పుట్టిన వేడికి లక్క మెత్తబడి కర్రకు అంటుకుంటుంది. పూత అద్దంలా నిగనిగలాడుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బొమ్మలను ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారా కూడా అమ్ముతున్నారు. అలా కొనేవారు బొమ్మను చేత్తో పట్టి చూడలేరు. ఫొటో చూసే డబ్బు కడతారు. ఫొటోలో ఎర్రగా ఉన్న బొమ్మ ఇంటికి వచ్చాక నారింజ రంగులో కనిపిస్తే తిరిగి పంపేస్తారు. ఆ రానుపోను ఖర్చు అమ్మినవారి నెత్తిన పడినా ఆశ్చర్యం లేదు.

అమ్మే మనిషి కొంత సొమ్ము కూడబెట్టి ఫొటో పరికరాలు కొనదలచాడనుకుందాం. మొదట దేనిమీద ఖర్చు పెట్టాలి? ఎక్కువ మెగాపిక్సెళ్ల కెమెరా కొనమని చాలామంది సలహా ఇస్తారు. ఒక చిన్న లెక్క చేద్దాం. తెర మీద చక్కగా కనిపించడానికి 2000 × 2000 బిందువుల చిత్రం చాలు. అంటే 40 లక్షల బిందువులు, అనగా 4 మెగాపిక్సెళ్లు. సాధారణ ఫోనులోనే 12 దాకా ఉంటున్నాయి. కనుక ఆ అంకె కోసం డబ్బు పోయనక్కరలేదు.

అసలు చిక్కు ఆ నిగనిగలోనే ఉన్నది. నున్నని లక్క పూత దర్పణం వంటిది. పతన కోణం, పరావర్తన కోణం సమానమన్న నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. ఎదురుగా చిన్న బల్బు ఉంటే దాని ప్రతిబింబం బొమ్మ పొట్ట మీద తెల్లని చుక్కగా మెరుస్తుంది. ఆ చుక్క ఉన్నచోట బొమ్మ రంగు కెమెరాకు అందదు. కెమెరా ఎంత ఖరీదైనదైనా అంతే! కెమెరా మీది ఫ్లాష్ కూడా చిన్న దీపమే కనుక దానితోనూ ఇదే బాధ. విరుగుడు మాత్రం చవక. బల్బుకూ బొమ్మకూ మధ్య పలుచని తెల్లగుడ్డనో ట్రేసింగ్ కాగితాన్నో చట్రానికి బిగించి నిలబెట్టాలి. కాంతి అన్ని దిక్కులకూ చెదిరి, గుడ్డంతా ఒకే పెద్ద దీపమవుతుంది. అప్పుడు బొమ్మ మీద చుక్కకు బదులు మెత్తని వెలుగు పట్టీ పరుచుకుంటుంది. బొమ్మ గుండ్రంగా, నున్నగా ఉన్నదని చూసేవారికి తెలిపేది ఆ పట్టీయే. గుడ్డను బొమ్మకు ఎంత దగ్గరగా జరిపితే దీపం అంత పెద్దదైనట్లు లెక్క.

ఇక రంగు సంగతి. తీగ బల్బు కాంతి సుమారు 2800 కెల్విన్‌ల వర్ణ ఉష్ణోగ్రత గలది. మధ్యాహ్నపు వెలుగు సుమారు 5500. మొదటిది పసుపుపచ్చ, రెండవది తెలుపు. కిటికీ వెలుగూ బల్బు వెలుగూ ఒకేసారి పడితే, ఒక పక్క రంగు సరిచేస్తే రెండో పక్క చెడుతుంది. కనుక ఒకే రకం కాంతి వాడి, ఆ కాంతిలో ఒక తెల్ల కాగితాన్ని కెమెరాకు చూపి తెలుపును సరిచేసుకోవాలి. చవక ఎల్.ఇ.డి. బల్బులలో ముదురు ఎరుపు కాంతి తక్కువ. వాటి కింద ఎర్ర లక్క వెలవెలబోతుంది. బల్బు కొనేముందు డబ్బా మీద సి.ఆర్.ఐ. అంకె ఇచ్చారేమో చూడండి. 90కి పైన ఉంటే మంచిది.

బొమ్మ ముక్కు నుంచి వీపు దాకా స్పష్టంగా రావాలంటే కటకం ద్వారాన్ని చిన్నది చేయాలి. 50 మి.మీ. నాభ్యంతరం గల కటకానికి ఎఫ్/4 వద్ద ద్వారం వ్యాసం 12.5 మి.మీ.; ఎఫ్/11 వద్ద దాదాపు 4.5 మి.మీ. మాత్రమే. లోపలికి వచ్చే కాంతి ఇంచుమించు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సెకనులో 60వ వంతులో తీసే ఫొటోకు 8వ వంతు కావాలి. గుడ్డ మింగిన కాంతి వేరే ఉన్నది. అంతసేపు చెయ్యి కదలకుండా ఉండదు. బొమ్మ కదలదు కదా, కెమెరాను కూడా ముక్కాలి స్టాండు మీద నిలబెడితే సెకను పట్టినా నష్టంలేదు.

దూరం కూడా ముఖ్యమే. 10 సె.మీ. మందం గల బొమ్మను 20 సె.మీ. నుంచి తీస్తే వెనుక భాగం 30 సె.మీ. దూరాన ఉంటుంది. ముందు భాగం ఒకటిన్నర రెట్లు పెద్దదై ఏనుగుకు తలే మిగులుతుంది! మీటరు దూరం నుంచి తీస్తే ఆ తేడా 1.1 రెట్లే.

నేనైతే ముందు రెండు మంచి బల్బులు, గుడ్డ చట్రం కొనమంటాను. ఆ తరువాత స్టాండు. అంతవరకు ఉన్న ఫోనుతోనే పని సాగుతుంది. సొమ్ము మిగిలితే అప్పుడు కెమెరా. ద్వారం, సమయం, తెలుపు మన చేతితో మార్చుకునే వీలున్నది చూసుకోవాలి, పాతదైనా ఫరవాలేదు.

ఇంట్లో స్టీలు గ్లాసు ముందు టార్చి వెలిగించి ఫొటో తీయండి. మధ్యలో ట్రేసింగ్ కాగితం పెట్టి మళ్లీ తీయండి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, మెరుపు ఎక్కడ ఎంత మేర పరుచుకున్నదో స్కేలుతో కొలవండి.