ముగ్గురు యంగ్‌లు కాదు, ఒక్క డాక్టరే

పదకొండో తరగతి భౌతికశాస్త్రంలో ‘యంగ్ గుణకం’ వస్తుంది. తీగను లాగితే ఎంత సాగుతుందో లెక్కగట్టడానికి పనికొచ్చేది. పన్నెండో తరగతిలో ‘యంగ్ జంట చీలికల ప్రయోగం’ వస్తుంది. ఈ ఇద్దరు యంగ్‌లూ ఒకరేనా అని పిల్లలు అడగరు, మనమూ చెప్పం. ఒకరే. ఈజిప్టు లిపి చిక్కుముడి విప్పడానికి కూర్చున్న యంగ్ కూడా ఆయనే. ఆయన వృత్తి మాత్రం వైద్యం. లండన్‌లో రోగులను చూస్తూ, మిగిలిన వేళల్లో చేసిన పనులివన్నీ.

థామస్ యంగ్ 1773లో ఇంగ్లండ్‌లోని మిల్వర్టన్‌లో పుట్టారు. పదిమంది పిల్లల్లో పెద్దవాడు. రెండేళ్లకే చదవడం వచ్చిందంటారు. పద్నాలుగేళ్లు వచ్చేసరికి లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, ఇటాలియన్, హీబ్రూ పట్టుబడ్డాయి. అరబ్బీ, పారశీకాల్లోనూ వేలుపెట్టారు. ఒకే ప్రార్థనను నూరుకు పైగా భాషల్లో అచ్చువేసిన పుస్తకం ఎవరో ఇస్తే, దాన్ని ముందేసుకుని భాషకూ భాషకూ పోలికలు చూస్తూ మురిసిపోయాడట ఆ పిల్లవాడు. అదే బడి రోజుల్లో ఒక సహాయోపాధ్యాయుడి దగ్గర లేత్ పని, టెలిస్కోపు తయారీ, పుస్తకాలకు బైండు కట్టడం నేర్చుకున్నారు.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో, బళ్లో ఇంగ్లీషు, పైన హిందీ... ఇన్నింటి మధ్య మా వాడికి సైన్సు ఎప్పుడు వంటబడుతుందండీ అని తల్లిదండ్రులు అడిగినప్పుడల్లా మాకు ఈ పిల్లవాడు గుర్తొస్తాడు. యంగ్ లాంటి బుర్ర అందరికీ ఉండదనుకోండి, అది వేరే మాట.

వైద్యం లండన్‌లో మొదలుపెట్టి, ఎడిన్‌బరోలోనూ, జర్మనీలోని గొటింగెన్‌లోనూ చదివారు. దగ్గరి వస్తువునూ దూరపు వస్తువునూ కన్ను ఎలా స్పష్టంగా చూడగలుగుతుంది? లోపలి కటకం ఆకారం మారడం వల్ల అని 1793లో రాయల్ సొసైటీకి వ్యాసం పంపారు. అప్పటికింకా విద్యార్థే. ఆ మరుసటి ఏడాదే సొసైటీ సభ్యత్వం. వాదన తేలాలంటే, ఆ పని చేసేది కంటి ముందుపొర కాదని చూపాలి. నీళ్లలో పెడితే ముందుపొర వంపు ప్రభావం దాదాపు పోతుంది. కనుక తన కన్నునే నీళ్లలో ఉంచి పరీక్షించారు. అప్పుడూ చూపు దూరానికి తగ్గట్టు సర్దుకుంది. ఈ కొలతల్లోనే తన కంటిలోని దోషం ఒకటి బయటపడింది. దాన్నే ఇప్పుడు ఆస్టిగ్మాటిజం అంటున్నాం.

1801లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆచార్య పదవి వచ్చింది. రెండేళ్లకే వదిలేశారు. ఊరంతా ఉపన్యాసాలిచ్చే డాక్టరును రోగులు నమ్మరని భయం. ఆ తర్వాత చాలా వ్యాసాలు పేరు లేకుండానే అచ్చయ్యాయి. పాఠం చెప్పడంలోనూ ఆయన దిట్ట కాదు. తనకు తేలికైనది వినేవాళ్లకూ తేలికే అనుకునేవారు. ఉపాధ్యాయులు ఈ మాట దగ్గర కాసేపు ఆగవచ్చు.

కాంతి అలలుగా సాగుతుందని చూపింది ఆ రోజుల్లోనే. సన్నని ఎండ కిరణానికి అడ్డంగా అట్టముక్క అంచును నిలబెట్టారు. రెండు పక్కలనుంచీ వచ్చిన కాంతి కలిసిన చోట వెలుగుచారలు, చీకటిచారలు పడ్డాయి. అట్టకు ఒక పక్క కాంతిని ఆపితే చారలు మాయం. న్యూటన్‌కు ఎదురుచెప్పడమా అని హెన్రీ బ్రూమ్ పత్రికలో దుమ్మెత్తిపోశారు. యంగ్ జవాబుగా వేసిన కరపత్రం ఒక్క ప్రతే అమ్ముడుపోయిందట.

భాషల పిచ్చి మాత్రం వదల్లేదు. సంస్కృతం నుంచి ఇంగ్లీషు దాకా ఉన్న కుటుంబానికి 1813లో ‘ఇండో-యూరోపియన్’ అని పేరుపెట్టింది ఈ డాక్టరే. మూడేళ్లకు, 1816లో, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని చూపారు. ఒడిశాలోనో మహారాష్ట్రలోనో ఉన్న మన పిల్లలు ఇంటి గడప దాటగానే ఒక కుటుంబంలోంచి ఇంకో కుటుంబంలోకి అడుగుపెడుతున్నారన్నమాట. ఒడియా, మరాఠీ యంగ్ పేరుపెట్టిన కుటుంబానివే.

1814 వేసవి నుంచి రోసెట్టా శిల పట్టుకున్నారు. ఒకే శాసనం మూడు లిపుల్లో ఉన్న రాయి అది. గ్రీకు చదవగలం, ఈజిప్టు లిపులు రెండూ చదవలేం. అండాకారపు గీతలో ఉన్నది టాలెమీ అనే రాజు పేరని యంగ్ గుర్తించి, కొన్ని అక్షరాల ధ్వనులు సరిగ్గా పట్టారు. లిపిని పూర్తిగా విప్పింది మాత్రం ఫ్రెంచి పండితుడు షాంపోలియన్, 1822లో మొదలుపెట్టి. ఆ ఘనత ఆయనకే దక్కాలి. కాప్టిక్ భాష ఆయనకు వచ్చినంతగా యంగ్‌కు రాదు.

1829 మేలో, 55 ఏళ్ల వయసులో, యంగ్ చనిపోయారు. అప్పుడు చేతిలో ఉన్న పని వైద్యానిదీ కాదు, కాంతిదీ కాదు. ఈజిప్టు భాషకు ఒక నిఘంటువు. మంచం మీద కలం పట్టుకునే ఓపిక పోతే, పెన్సిల్‌తో రాశారు. పుస్తకం 1831లో వెలువడింది.