ట్రాన్స్‌జెండర్ ఖైదీని ఏ బ్యారక్‌లో ఉంచాలి? అపోహలు – వాస్తవాలు

1894 నాటి జైళ్ల చట్టం సెక్షన్ 27 ప్రకారం మగ ఖైదీలను, ఆడ ఖైదీలను విడివిడిగా ఉంచాలి. ఈ రెండు వరుసల్లోనూ ఇమడని మనిషి జైలు గేటు దాటి లోపలికొస్తే ఏం చేయాలో అందులో లేదు. ఆ లోటును ఇన్నేళ్లూ నోటిమాటలే పూడ్చాయి.

అపోహ: జైల్లో ట్రాన్స్‌జెండర్లు ఎంతమంది ఉంటారు గనక? వాళ్లకోసం ప్రత్యేక విధానమా?

వాస్తవం: జాతీయ నేర రికార్డుల బ్యూరో వాళ్లను విడిగా లెక్కపెట్టడం మొదలుపెట్టిందే 2020 నివేదికతో. ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి దేశంలోని 4,88,511 మంది ఖైదీల్లో 70 మంది ట్రాన్స్‌జెండర్లు. తక్కువే. కానీ మగవాళ్ల బ్యారక్‌లో ఒంటరిగా పడుకోవాల్సిన ట్రాన్స్ మహిళకు ఆ తక్కువతనమే ప్రమాదం.

ట్రాన్స్‌జెండర్లను జైల్లో పెట్టడం తెలుగు నేలకు దూరపు సంగతేమీ కాదు. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో (సుమారు 1919లో) చేసిన చట్టం ఒకటుండేది. రిజిస్టర్‌లోకి ఎక్కిన హిజ్రా ఆడబట్టలతో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారంట్ లేకుండా పట్టుకెళ్లొచ్చు. రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో గానీ దాన్ని కొట్టేయలేదు.

అపోహ: బట్టలు విప్పించి చూస్తే ఆడో మగో తేలిపోతుంది. దాన్నిబట్టే బ్యారక్.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ హాని చేసే నమ్మకం ఇదే. తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని, అందుకు ఆపరేషన్ చేయించుకోవాలని షరతు పెట్టడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ) కేసు తీర్పులో చెప్పింది. కేంద్ర హోంశాఖ 2022 జనవరి 10న రాష్ట్రాలకు పంపిన అడ్వైజరీ జైలు గేటు దగ్గర జరిగే పనిని ఇంకా వివరంగా రాసింది. తనిఖీ భద్రత కోసం, నిషిద్ధ వస్తువులు పట్టుకోవడం కోసం మాత్రమే. జెండర్ తేల్చడానికి కాదు. ఖైదీ కోరుకున్న జెండర్‌కు చెందినవారు గానీ, శిక్షణ పొందిన వైద్య సిబ్బంది గానీ, నలుగురి కళ్లూ పడకుండా, మర్యాద కాపాడుతూ చేయాలి. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం లేనివాళ్లకు అది ఇప్పించేందుకు జైలు అధికారులే సాయపడాలి. గేటు దగ్గర నలుగురు జవాన్ల మధ్య ఒక మనిషిని బట్టలు విప్పమనడం తనిఖీ కాదు, అవమానం.

అపోహ: ఒక సెల్‌లో విడిగా పెట్టేస్తే వాళ్లకీ క్షేమం, మనకీ నిశ్చింత.

వాస్తవం: వేరే వార్డు వేరు, ఏకాంత నిర్బంధం వేరు. అదే అడ్వైజరీ ప్రత్యేక వార్డులు, మరుగుదొడ్లు, స్నానాల గదులు ఉండాలంటూనే, అది పూర్తిగా వెలివేసినట్లు కాకూడదని హెచ్చరించింది. జైలుకెళ్లినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. దాడికి గురయ్యే అవకాశం ఉందన్న కారణంతో మనిషిని రోజంతా ఒంటరిగా బంధించడమంటే, ఎవరో చేయబోయే నేరానికి ఆ మనిషినే శిక్షించడం.

అపోహ: ఇలా అయితే మగవాళ్లు నాటకమాడి మహిళా జైళ్లలో చేరిపోతారు.

వాస్తవం: అడ్వైజరీ సూచించింది ట్రాన్స్ మహిళలకు, ట్రాన్స్ పురుషులకు వేర్వేరు వార్డులు. మహిళల బ్యారక్ తలుపులు తెరవమనలేదు. ఈ గొడవలో ట్రాన్స్ పురుషులు ఎవరికీ గుర్తుకే రారు. మగవాళ్ల బ్యారక్‌లో వేస్తే వాళ్లకు ఎదురయ్యే ముప్పూ చిన్నది కాదు.

అపోహ: ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది కాబట్టి అన్ని జైళ్లలో అమలవుతూనే ఉంటుంది.

వాస్తవం: జైళ్లు రాష్ట్ర జాబితాలోని అంశం. అడ్వైజరీ సలహాయే తప్ప ఆదేశం కాదు. 2023లో కేంద్రం రూపొందించిన నమూనా జైళ్ల చట్టం కూడా రాష్ట్రాలు స్వీకరిస్తేనే పనికొస్తుంది. ఇవన్నీ రాష్ట్ర జైలు నిబంధనల్లోకి ఎక్కాలి. లేదంటే ఆ రాత్రి ఖైదీ ఎక్కడ పడుకోవాలో డ్యూటీలో ఉన్న అధికారి మనసే నిర్ణయిస్తుంది.

మీకు తెలిసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఎవరైనా కస్టడీలో ఉంటే ఒకటి గుర్తుంచుకోండి: కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా లాయర్ దొరుకుతారు. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.