లివర్ యాక్షన్ రైఫిల్‌: స్పీడ్‌గా, స్మూత్‌గా పేలాలంటే ఏం మారుస్తారు? ఏది ముట్టుకుంటే ప్రమాదం? మన చట్టం ఏం చెబుతోంది?

నౌపడ (శ్రీకాకుళం జిల్లా): గుర్రం మీద హీరో. చేతిలో పొడవాటి తుపాకీ. ట్రిగ్గర్ కింద ఉన్న రింగు లాంటి పిడిని ఒక్కసారి కిందికి లాగి పైకి కొడతాడు. టక్.. ఢాం! మళ్లీ టక్.. ఢాం! 1971లో సూపర్ స్టార్ కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు'తో తెలుగు తెర మీదికి కౌబాయ్ వచ్చినప్పటి నుంచి ఇలాంటి సీన్లకు మన దగ్గర క్రేజ్ తగ్గలేదు. 2023లో ఆ సినిమా 4కేలో రీ రిలీజ్ అయినప్పుడు కూడా థియేటర్లు ఊగిపోయాయి.

కౌబాయ్‌ల చేతిలో అలా పేలే తుపాకీ పేరు లివర్ యాక్షన్ రైఫిల్. దీన్ని ఇంకా స్మూత్‌గా, ఇంకా ఫాస్ట్‌గా చేసే వీడియోలు ఇప్పుడు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. చూడ్డానికి ఈజీగానే ఉంటాయి. కానీ అందులో ఏది మామూలు పనో, ఏది ప్రాణం మీదికి తెచ్చే పనో తెలియాలి. అదేంటో చూద్దాం.

అసలు ఇదెలా పనిచేస్తుంది?

తూటాలు బ్యారెల్ కింద ఉండే గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. లివర్‌ని కిందికి లాగితే లోపలున్న బోల్ట్ వెనక్కి వస్తుంది. పేలిన తూటా ఖాళీ గుల్ల బయటికి ఎగిరిపోతుంది. అదే ఊపులో హ్యామర్ వెనక్కి వంగి రెడీ అవుతుంది. గొట్టంలోంచి కొత్త తూటా పైకి లేస్తుంది. లివర్‌ని పైకి మూస్తే బోల్ట్ ముందుకెళ్లి ఆ తూటాను బ్యారెల్‌లోకి తోసి లాక్ అవుతుంది. ఇక ట్రిగ్గర్ నొక్కడమే.

1860 నాటి హెన్రీ రైఫిల్, 1873 నాటి వించెస్టర్ ఈ పద్ధతికి పేరు తెచ్చాయి. అమెరికాలో ఈ పాత మోడళ్లతో టైమ్ పెట్టి కాల్చే కౌబాయ్ షూటింగ్ పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి. సెకనులో పదో వంతు కూడా లెక్కే. అందుకే అక్కడ గన్‌స్మిత్‌లకి ఈ స్మూత్ చేసే పని పెద్ద గిరాకీ.

గన్‌స్మిత్ ఏం చేస్తాడు?

1. క్లీనింగ్: లివర్ బరువుగా కదలడానికి చాలాసార్లు కారణం ఎండిపోయిన గ్రీజు, పొగ మసి, సన్నటి తుప్పు. వాటిని తీసి పల్చగా ఆయిల్ పెడితేనే సగం పని అయిపోతుంది.

2. పాలిషింగ్: ఒకదానితో ఒకటి రాసుకునే భాగాల మీద ఫ్యాక్టరీ గీతలు ఉంటాయి. వాటిని సన్నటి రాయితో నున్నగా చేస్తారు. ఇక్కడ పని నునుపు చేయడం వరకే, ఇనుము అరగదీయడం కాదు.

3. స్ప్రింగ్: లివర్ లాగేటప్పుడు హ్యామర్ స్ప్రింగ్‌ని కూడా మన చెయ్యే నొక్కాలి. కొంచెం తేలిక స్ప్రింగ్ వేస్తే లివర్ సులువుగా దిగుతుంది. మరీ తేలికైతే మాత్రం హ్యామర్ దెబ్బ చాలదు, తూటా పేలదు.

4. షార్ట్ స్ట్రోక్ కిట్: లోపలి లింకుల కొలతలు మార్చి లివర్ తక్కువ దూరం కదిలినా పని పూర్తయ్యేలా చేస్తారు. 1873 మోడల్‌కి ఇది ఎక్కువగా వేస్తారు. దీనికీ ఒక లెక్క ఉంది. దూరం తగ్గితే చేతి బలం ఎక్కువ పెట్టాలి. పొట్టి గునపంతో రాయి లేపినట్టే.

ఇవన్నీ చేసినా చెయ్యి తిరగకపోతే లాభం లేదు. రైఫిల్ భుజం మీంచి దించకుండా, లివర్‌ని పూర్తిగా కిందికి లాగి, పూర్తిగా పైకి మూయాలి. తొందరలో సగం లాగితే తూటా మధ్యలో ఇరుక్కుంటుంది. అప్పుడు పోయే టైమ్, స్పీడ్‌తో మిగిల్చిన దానికంటే ఎక్కువ.

ముట్టుకోకూడనివి ఇవే!

హ్యామర్, ట్రిగ్గర్ ఒకదానికొకటి పట్టుకునే గాడి చాలా చిన్నది. ట్రిగ్గర్ తేలికగా రావాలని దాన్ని అరగదీస్తే, తుపాకీ కింద పడినా పేలిపోవచ్చు. స్పోర్ట్స్‌లోనే దీనికి హద్దు ఉంది. మన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్‌లో ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల బరువు మోయాలి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కైతే 500 గ్రాములు.

లివర్ పూర్తిగా మూసుకుంటేనే ట్రిగ్గర్ పనిచేసేలా కొన్ని మోడళ్లలో చిన్న సేఫ్టీ ఉంటుంది. స్పీడ్ కోసం దాన్ని తీసేస్తే, బోల్ట్ లాక్ కాకముందే తూటా పేలి ఆ మంట, లోహపు ముక్కలు కంటి దగ్గరికే వస్తాయి. బోల్ట్ లాక్ అయ్యే చోట ఇనుము అరగదీసినా ఇదే ముప్పు.

ఇంకోటి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే లివర్ లాగొద్దు. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి. గొట్టాన్ని సురక్షితమైన వైపు ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. స్పీడ్ అలవాటైన చేతికి ఇదే కష్టం.

మన దగ్గర చేయొచ్చా?

సొంతంగా అయితే అస్సలు వద్దు. మన దగ్గర లైసెన్స్ గన్ అంటే ఎక్కువగా 12 బోర్ డబుల్ బ్యారెల్, లేదంటే .315 బోల్ట్ యాక్షన్ రైఫిల్. తుపాకీ ఏదైనా రూల్ ఒకటే. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద తుపాకీ రూపం మార్చే పనికి, రిపేర్ చేసే పనికి లైసెన్స్ ఉండాలి. గన్ ఉంచుకునే లైసెన్స్ వేరు, గన్ బాగు చేసే లైసెన్స్ వేరు. 2019 సవరణ తర్వాత ఈ సెక్షన్ ఉల్లంఘిస్తే 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా జైలు శిక్ష పడొచ్చు. బ్యారెల్ కోసి పొట్టి చేసినా అంతే. వెల్డింగ్ షాపులో, లేత్ మెషిన్ దగ్గర 'కొంచెం సరిచేసి ఇవ్వు' అని అడిగితే చేసినోడికీ, చేయించినోడికీ కేసు తప్పదు. కాబట్టి లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్ దగ్గరికే వెళ్లాలి.

ఉప్పు గాలి ఉన్న ఊళ్లలో..

నౌపడ వాళ్లకి తుప్పు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఉప్పు మడుల పక్కన సైకిల్ చైను, తలుపు బందు ఎంత తొందరగా బిగుసుకుపోతాయో రోజూ చూస్తూనే ఉంటారు. ఉప్పు గాల్లోని తేమను పట్టి ఇనుము మీద నిలబెడుతుంది. తుపాకీకి కూడా అదే జరుగుతుంది. చాలామంది లైసెన్స్ గన్‌ను తోలు కవర్లో పెట్టి బీరువాలో దాస్తారు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. తూటాలు తీసి, బ్యారెల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, పొడి గుడ్డతో తుడిచి పల్చగా ఆయిల్ రాసి, కవర్ బయట తాళం వేసిన చోట ఉంచాలి. చెమట చేత్తో ముట్టుకున్న ప్రతిసారీ తుడవాలి.

సినిమాలో హీరో రైఫిల్ తిప్పుతుంటే విజిల్ వేయండి. ఇంట్లో ఉన్న గన్ బిగుసుకుంటే మాత్రం ముందు తుడవండి, తర్వాత లైసెన్స్ ఉన్న మనిషికి చూపించండి. ఆకురాయి మాత్రం పట్టకండి.