పచ్చలో దాగిన పసుపు

అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున లంబసింగి వున్నది. చలికాలంలో అక్కడ తెల్లవారుజామున పొగమంచు కమ్ముకుంటే పక్కనున్న మనిషి కనిపించడు. ఆ రోజుల్లోనే ఆ కొండపొలాల్లో రాజ్మా చిక్కుళ్ళు పండుతాయి. కాయ ముదిరేసరికి, మొన్నటిదాకా ఆకుపచ్చగా వున్న ఆకులు పసుపుపచ్చగా మారిపోతాయి. ఈ పసుపు ఎక్కడినుంచి వచ్చింది? మంచు వల్ల వచ్చిందందామా? మంచు ఎరగని మైదానాల్లో కూడా ఆకులు పండుతున్నాయి గదా! అందుచేత ఆకునే అడిగి చూద్దాం.

పిల్లలూ! నాలుగు లేత రాజ్మా ఆకులు తెండి. అవి లేకపోతే పాలకూర అయినా సరే. చిటికెడు ఇసుకతో మెత్తగా నూరి, మందులషాపులో దొరికే స్పిరిట్ ఒక చెంచాడు కలపండి. చిక్కని ఆకుపచ్చ రసం వస్తుంది. ఇక కాఫీ వడగట్టే తెల్లకాగితం కావాలి. కాఫీ పండే ఊళ్ళోనే అది దొరక్కపోవచ్చు. మన ఇత్తడి ఫిల్టరుకు కాగితంతో పనిలేదు మరి! బడిలో వడపోత కాగితం వుంటుంది, మాస్టారిని అడగండి.

కాగితాన్ని రెండు వేళ్ళ వెడల్పున కత్తిరించి, అడుగునుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తున పెన్సిలుతో గీత గీయండి. సిరాతో గీస్తే అదీ కరిగి పైకి పాకుతుంది. గీతమీద పుల్లతో రసం అద్ది, ఆరాక మళ్ళీ అద్దాలి. ఇట్లా పదిసార్లు. తొందరపడేవాళ్ళకు ఈ ప్రయోగంలో ఏమీ కనిపించదు.

గ్లాసులో ఒక సెంటీమీటరు స్పిరిట్ పోసి, కాగితం కొస మాత్రం మునిగేట్టు వేలాడదీసి మూత పెట్టండి. గీత మునగరాదు. ఒక్క మాట: చలిమంట దగ్గర కూర్చుని ఈ పని చేయవద్దు. స్పిరిట్ ఆవిరి దూరంనుంచే నిప్పు అందుకుంటుంది. పెద్దవాళ్ళు దగ్గర వుండాలి.

దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు స్పిరిట్ కాగితంలో పైకి ఎక్కుతుంది, రంగులను వెంటబెట్టుకుని పోతుంది. సంతలో కొందరు ప్రతి దుకాణం దగ్గరా ఆగుతారు, కొందరు ఆగకుండా సాగిపోతారు. రంగులూ అంతే. కాగితం గట్టిగా పట్టుకున్న రంగు వెనకబడుతుంది. అరగంటకు చూడండి: కింద ఆకుపచ్చ, దానిపైన సన్నని పసుపుచార! స్పిరిట్‌తో ఇంతవరకే తెలుస్తుంది. కాలేజీల్లో పెట్రోలియం ఈథరులో కొంచెం ఎసిటోన్ కలిపి వాడితే నాలుగు చారలు విడిపోతాయి: పైన కెరొటీన్, తర్వాత జాంథోఫిల్, ఆ కింద రెండు రకాల పత్రహరితాలు.

ఈ ఉపాయాన్ని మొదట కనిపెట్టినవాడు త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు. 1903లో వార్సాలో దీన్ని గురించి ఉపన్యసించాడు. ఆయన వాడింది కాగితం కాదు, గాజుగొట్టంలో కూరిన సుద్దపొడి. తమాషా ఏమంటే, రష్యన్ భాషలో త్స్వెత్ అంటే రంగు అని అర్థం! కాగితంతో చేసే పద్ధతి 1944లో ఇంగ్లండులో వచ్చింది.

అయితే పసుపు మొదటినుంచీ ఆకులోనే వున్నదన్నమాట. గింజ ముదిరేటప్పుడు మొక్క ఆకులోని నత్రజనిని గింజకు తరలిస్తుంది. అప్పుడే పత్రహరితం విరిగి మాయమవుతుంది. పసుపు అంత త్వరగా పోదు, అందుకే బయటపడుతుంది. మన భాషలో ఆకుపచ్చా "పచ్చే", పసుపుపచ్చా "పచ్చే" కావటం నాకు ఎప్పుడూ ముచ్చటగానే వుంటుంది.

ఈసారి పండుటాకు రసం మరో కాగితానికి అద్ది, రెండూ ఒకే గ్లాసులో వేలాడదీయండి. రెండింటిలోనూ పసుపుచార ఒకే ఎత్తున నిలిచిందేమో కొలవండి. వెలుతురుకు రంగులు వెలిసిపోతాయి గనక, కాగితాలు ఆరగానే పుస్తకంలో దాచండి.