బంతి లేనివాడి ఆట

బాస్కెట్‌బాల్‌లో బంతి దక్కిన జట్టు రింగ్ వైపు సాగించే దాడి స్థూలంగా రెండు విధాలుగా ఉంటుంది. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి పరుగెత్తాలో, బంతి ఏ వరుసలో చేతులు మారాలో కోచ్ ముందే గీసి ఇస్తే అది సెట్ ప్లే. అటువంటి గీతలేవీ లేకుండా, కొన్ని నియమాలు మాత్రమే నేర్పి, ఎదుటి డిఫెండర్ వేసే అడుగును బట్టి ఆటగాళ్లే తమ కదలికను అప్పటికప్పుడు నిర్ణయించుకునేలా తయారుచేస్తే అది మోషన్ ఆఫెన్స్. గీసిన ఎత్తును ప్రత్యర్థి రెండు మూడు మ్యాచ్‌లు చూసి కనిపెట్టగలడు గానీ, ఆడేవారికే ముందుగా తెలియని ఎత్తును కనిపెట్టడం కష్టం కాబట్టి, ఈ రెండో పద్ధతి నేర్పడానికి ఎక్కువ కాలం పట్టినా కోచ్‌లు దానిని వదులుకోలేదు.

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాడి అందులో సగంలోనే జరుగుతుంది గనుక పదిమంది ఆటగాళ్లు ఆ కొద్ది జాగాలోనే మెసలాలి. అందువల్ల మోషన్ ఆఫెన్స్‌లో మొదటి పాఠం దూరం పాటించడం, అంటే స్పేసింగ్. దాడి చేసే ఐదుగురూ ఒకరికొకరు సుమారు నాలుగున్నర నుంచి ఐదున్నర మీటర్ల ఎడంలో నిలబడితే, ఒక డిఫెండర్ ఇద్దరిని కాయలేడు, పాస్ మధ్యలో చిక్కేంత పొడవుగానూ ఉండదు. రెండో పాఠం, పాస్ ఇచ్చినవాడు నిలబడిపోకుండా రింగ్ వైపు దూసుకుపోవడం. దీనినే కట్ అంటారు. అతడు వదిలిన చోటును హైదరాబాద్‌లోని ఉప్పల్ కూడలిలో సందు కనబడగానే ఆటో దూరినంత వేగంగా మరొకడు భర్తీ చేయాలి, లేకపోతే ఎడం చెడి అందరూ ఒకేచోట గుమిగూడతారు.

ఈ పద్ధతిలోని అందమంతా డిఫెండర్ అత్యుత్సాహాన్నే అతడి మీద ప్రయోగించడంలో ఉంది. పాస్ అందకుండా చేయాలని డిఫెండర్ ముందుకు తోసుకువస్తే అతడి వెనుక రింగ్ దాకా దారి ఖాళీ అవుతుంది. బంతి అందుకోవడానికి వస్తున్నట్టు ఒక అడుగు వేసి, చటుక్కున తిరిగి ఆ దారిన పరుగెత్తడాన్ని బ్యాక్‌డోర్ కట్ అంటారు. డిఫెండర్ అంత దగ్గరగా రాకపోతే సహచరుడు వచ్చి అతడి దారికి అడ్డంగా కదలకుండా నిలబడతాడు; ఇది స్క్రీన్. నిలబడినవాడు కదిలి తగిలితే ఫౌల్ అవుతుంది గనుక స్క్రీన్ వేయడానికి బలం కంటే ఓర్పు ఎక్కువ కావాలి. స్క్రీన్ చాటున పరుగెత్తే ఆటగాడు అప్పుడు డిఫెండర్‌ను గమనించాలి. అతడు వెనుకబడి తరుముతుంటే స్క్రీన్ చుట్టూ మెలితిరిగి రింగ్‌కు చేరాలి, అడ్డదారిన ముందుకు వస్తుంటే వెనక్కు జరిగి త్రీ పాయింట్ గీత అవతల బంతి కోసం నిలవాలి. ఈ ఎంపిక తప్పయితే మిగతా నలుగురి శ్రమా వృథా, అయినా బయటి నుంచి చూసేవారి కళ్లు బంతి మీదే ఉంటాయి గనుక ఆ తప్పు ఎవరికీ కనబడదు.

ఈ ఆటతీరుకు మూలపురుషుడిగా ఓక్లహోమా ఏ అండ్ ఎం కళాశాల జట్టు కోచ్ హెన్రీ ఐబాను చెబుతారు. ఇండియానా విశ్వవిద్యాలయంలో బాబ్ నైట్ దానికి పదును పెట్టాడు. ప్రిన్స్‌టన్‌లో పీట్ కరీల్ బ్యాక్‌డోర్ కట్‌నే ప్రధానాయుధంగా మలిచి, 1996లో అంతకుముందు ఏడాది విజేత యూసీఎల్‌ఏను 43-41తో ఓడించాడు. ఇది కళాశాలల్లోనే వేళ్లూనడానికి కారణం ఉంది. వృత్తి క్రీడా లీగ్ అయిన ఎన్‌బీఏలో 24 సెకన్లలోపు షాట్ వేయాలన్న నిబంధన 1954లోనే వచ్చింది గానీ, అమెరికా కళాశాలల పురుషుల ఆటలో దేశమంతటికీ వర్తించే షాట్ క్లాక్ 1985 దాకా లేదు. అంటే ఓపికగా పాస్‌లు ఇచ్చుకునే తీరిక వారికి ఉండేది. పైగా జోన్ డిఫెన్స్‌ను, అంటే మనిషిని కాక ప్రాంతాన్ని కాచే పద్ధతిని, ఎన్‌బీఏ 2001 దాకా అనుమతించకపోవడంతో మేటి ఆటగాడికి బంతి అప్పగించి మిగతావారు పక్కకు తప్పుకోవడమే అక్కడ లాభసాటిగా ఉండేది.

జోన్ డిఫెన్స్‌పై ఆ నిషేధం తొలగిన తరువాత ఒంటరి దాడికి ఎదురుగా ఇద్దరు ముగ్గురు మూగే వీలు కలిగి, బంతిని వేగంగా చేతులు మార్చడం తప్పనిసరి అయింది. 2014 ఎన్‌బీఏ ఫైనల్ సిరీస్‌లో గ్రెగ్ పోపోవిచ్ శిక్షణలోని శాన్ ఆంటోనియో స్పర్స్ మయామీని 4-1తో ఓడించిన తీరు దీనికి ఉత్తమోదాహరణ. అదే ఏడాది గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కు కోచ్‌గా వచ్చిన స్టీవ్ కెర్, ఒకప్పుడు ఫిల్ జాక్సన్ దగ్గరా పోపోవిచ్ దగ్గరా ఆడినవాడు. అంతకుముందు సీజన్‌లో మ్యాచ్‌కు సగటు పాస్‌ల లెక్కలో లీగ్‌లోనే అట్టడుగున ఉన్న ఆ జట్టుకు 300 పాస్‌ల లక్ష్యం పెట్టి, 2015లో టైటిల్ గెలిపించాడు. అయితే ఎన్‌బీఏలో శుద్ధమైన మోషన్ ఆఫెన్స్ నేటికీ అరుదే; బంతి ఉన్నవాడి కోసం స్క్రీన్ వేసి, వేసినవాడు రింగ్ వైపు మళ్లే పిక్ అండ్ రోల్‌తో కలిపే దానిని వాడతారు.

హైదరాబాద్‌కు ఈ ఆలోచన పరాయిది కాదు, కాకపోతే అది ఇక్కడ కాలితో ఆడే ఆటలో పుట్టింది. 1909లో జన్మించి, ఉపాధ్యాయుడిగా పనిచేసి, హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపిన సయ్యద్ అబ్దుల్ రహీం, బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకుని ఒంటరిగా సాగే డ్రిబ్లింగ్‌ను నిషేధించి కుర్రాళ్లకు పోటీలే నిర్వహించేవాడు. డ్రిబ్లింగ్ లేకపోతే బంతి అందగానే ఎవరికో ఇవ్వక తప్పదు, ఇవ్వాలంటే ఆ ఎవరో ముందే ఖాళీ చోటుకు చేరి ఉండక తప్పదు. మోషన్ ఆఫెన్స్ నేర్పే బాస్కెట్‌బాల్ కోచ్‌లు డ్రిబుల్ లేకుండా ఆడించే సాధన సరిగ్గా ఇదే. రహీం శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. 1962లో జకార్తాలో, తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరుసకు మార్చగా, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్‌లో ఒక గోల్ జర్నైల్‌దే. స్థానం కంటే కదలిక ముఖ్యమన్న నమ్మకం లేని కోచ్ ఆ మార్పుకు సాహసించడు.

అదే హైదరాబాద్‌లో బాస్కెట్‌బాల్‌కు మాత్రం చోటు తక్కువ. నగరానికి తూర్పున ఉప్పల్ అనగానే అందరికీ స్ఫురించేది 2005లో తొలి అంతర్జాతీయ వన్డేకు వేదికైన క్రికెట్ స్టేడియమే. ఆ పక్కనే పారిశ్రామికవాడ చుట్టూ విస్తరించిన నాచారంలోనైనా బాస్కెట్‌బాల్‌కు దొరికేది చాలావరకు పాఠశాల ఆవరణలోని కోర్టే. హైదరాబాద్ పేరుతో వృత్తి జట్లు వచ్చినా, యూబీఏ లీగ్‌లోని హైదరాబాద్ స్కై గానీ, ఐఎన్‌బీఎల్‌లోని హైదరాబాద్ ఫాల్కన్స్ గానీ, క్రికెట్‌లా ఇంటింటి మాట కాలేకపోయాయి. కానీ మోషన్ ఆఫెన్స్‌కు పెద్ద స్టేడియం అక్కర్లేదు, ఆరడుగుల ఆరంగుళాల మనుషులూ అక్కర్లేదు. ఒకే రింగ్ కింద ముగ్గురికి ముగ్గురు ఆడే త్రీ ఎక్స్ త్రీలో 12 సెకన్లలోనే షాట్ వేయాలి కాబట్టి, కట్, స్క్రీన్, ఖాళీ భర్తీ అన్నవి పుస్తకంలో కాక కాళ్లలో అలవడతాయి; పొట్టి ఆటగాళ్లతో నిండిన పాఠశాల జట్టుకు ఇంతకంటే చవకైన బడి లేదు.

బంతి లేనివాడి శ్రమను గుర్తించడంలో లోపం ఉన్నది లెక్కలో. స్కోరుషీటు పాయింట్లను, ఫౌల్స్‌ను నమోదు చేస్తుంది. మహా అయితే పాయింటుకు దారితీసిన చివరి పాస్‌ను అసిస్ట్‌గా గుర్తిస్తుంది. షాట్‌కు దారి తీసిన స్క్రీన్‌ను లెక్కించి ప్రకటించడం ఎన్‌బీఏ సైతం 2016లో గానీ మొదలుపెట్టలేదు. పాఠశాల పోటీల్లో ఆ పనికి కెమెరాలు అవసరం లేదు, స్కోరు రాసేవారి పక్కన కూర్చుని స్క్రీన్‌లకు, కట్‌లకు మరో రెండు గళ్లు నింపే ఒక రిజర్వు ఆటగాడు చాలు.