వచ్చి పోయిన జబ్బు

కిందటి సంక్రాంతికి మా సొంతవూరు గూళూరు వెళ్ళాను. పండుగ మరునాడు పొద్దున్నే కాఫీ తాగుతూ ఉండగా మా బావగారి కుడిచేతిలోని గ్లాసు జారిపడింది. మూతి కాస్త పక్కకు పోయి, మాట ముద్దగా వచ్చింది. 15 నిమిషాలకు అంతా మామూలే. "ఏమీ లేదప్పా, రాత్రి నిద్ర చాల్లేదు" అని నవ్వేశారు.

నాకు నవ్వు రాలేదు. మా నాన్నగారికి ఇలాగే వచ్చి పోతే దిష్టి తీసి ఊరుకున్నాము. మూడోనాడు పక్షవాతంతో మంచానపడిన మనిషి మళ్ళీ లేవలేదు. అందుకే బావగారు ఎంత విసుక్కున్నా వినక, ఆ పూటే కారులో బెంగళూరు తీసుకుపోయాను.

మెదడుకు పోయే రక్తం కాసేపు అడ్డుపడి తిరిగి సాగడాన్ని డాక్టర్లు టి.ఐ.ఎ. అంటారు. లక్షణం పోయినా కారణం పోదు. అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ.

మెదడు స్కానింగులో ఏమీ కనిపించలేదు. మెడకు డాప్లర్ పరీక్ష చేస్తే ఎడమవైపు ధమని బాగా పూడిపోయి ఉంది. జబ్బు మెడలో, లక్షణం చేతిలో! ఈ సంబంధాన్ని కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్ 1951లోనే వివరించారు.

డాక్టరుగారు అంతటితో ఆగలేదు. "నడిస్తే పిక్కలు పట్టేస్తాయా?" అని అడిగారు. చేనికి పోయేటప్పుడు రెండుచోట్ల ఆగవలసి వస్తోందనీ, వయసు వల్లనేమో అనుకున్నాననీ బావగారు చెప్పారు. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తే 0.9 గాని, అంతకు తక్కువ గాని వస్తే కాలి ధమనులు పూడినట్టు లెక్క. ఆయనకు 0.7 వచ్చింది. తరువాతి పరీక్షల్లో గుండె ధమనుల్లోనూ పూడిక తేలింది.

బ్యాంకులో ఒక ఖాతాలో తేడా కనిపిస్తే మిగతా పుస్తకాలన్నీ తిరగేస్తాము. ఒంటికీ అదే న్యాయం. బీడీలు, చక్కెర జబ్బు, రక్తపోటు, కొలెస్టరాల్ ఒక్క ధమనినే పాడుచేసి ఊరుకోవు.

లక్షణాలు కనిపించి, మెడ ధమని 70 శాతానికి పైగా సన్నబడినవారికి శస్త్రచికిత్స మేలని 1991లో అమెరికా, కెనడా వైద్యుల పరిశోధన తేల్చింది. రెండు వారాల లోపల చేస్తే లాభం ఎక్కువ. బావగారికి పదో రోజున చేశారు. రక్తం గడ్డకట్టకుండా, కొలెస్టరాల్ తగ్గేట్టు మందులు జీవితాంతం వాడాలి. బీడీకట్ట ఆనాడే పారేశారు. ఇప్పుడు చేనిదాకా నడిచి వస్తున్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా, ఒక కంటి చూపు హఠాత్తుగా పోయినా వెంటనే టైము చూసుకుని ఆసుపత్రికి బయలుదేరండి. స్కానింగు కాకముందే మీ అంతట మీరు ఆస్పిరిన్ ఇవ్వకండి. దారిలోనే తగ్గిపోయినా వెనక్కి తిరగకండి. మా నాన్నగారి విషయంలో మేము చేసిన తప్పు మరో ఇంట్లో జరగకూడదు.